మా గూడెం చూసిన శంకరాభరణం

శంకరాభరణం చూసి కన్నీళ్ళు పెట్టుకోని తెలుగువాళ్ళు లేరంటారు. మాయమ్మ ఏడవలేదు. మూడుసార్లు చూసింది. మూడుసార్లూ ఏడవలేదు. అట్లయితే మాయమ్మ తెలుగుది కాదా? లేకపోతే ‘తెలుగువాళ్ళు’ అన్న ఆ మాటలో మా గూడెం లేదా? మొదటి ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. రెండోది అడగడానికే ఇది రాస్తున్నాను.

నేను గవర్నమెంటు బళ్ళో పంతులమ్మను. మా ఇంటిలో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటిదాన్ని. గుంటూరు జిల్లా మాగాణి పల్లెలో మాదిగ గూడెం మాది. మాయయ్య డప్పు కొట్టేవాడు, చెప్పులు కుట్టేవాడు. ఈ రెండూ లేని రోజుల్లో కూలికి పోయేవాడు. మాయమ్మ మిరపకాయల కోతకు, వరినాట్లకు పోయి నన్ను చదివించింది. సినిమా విమర్శ రాయడానికి నాకేం అర్హత ఉందని ఎవరైనా అడగొచ్చు. టిక్కెట్టు కొన్నవాళ్ళ పిల్లను. ఆ అర్హత చాలు.

ముందు సినిమా సంగతి. శంకరాభరణం 1980 ఫిబ్రవరి 2న విడుదలయింది. కె.విశ్వనాథ్ దర్శకుడు, ఏడిద నాగేశ్వరరావు నిర్మాత, కె.వి.మహదేవన్ సంగీతం, వేటూరి పాటలు, జంధ్యాల మాటలు. హీరో ఒక ముసలి సంగీత విద్వాంసుడు. ఆ వేషం కట్టిన జె.వి.సోమయాజులు ఉద్యోగరీత్యా డిప్యూటీ కలెక్టరు. ఫైటింగులు లేవు, హీరో హీరోయిన్ల గంతులు లేవు. మొదట్లో హాళ్ళు ఖాళీగా ఉన్నాయని, చూసినోళ్ళు చూడనోళ్ళకు చెప్పగా చెప్పగా జనం కిక్కిరిశారని అందరూ చెప్పుకునేదే. జాతీయ అవార్డులు నాలుగు వచ్చాయి. జనరంజకమైన మంచి చిత్రంగా ఒకటి, సంగీతానికి మహదేవన్‌కు ఒకటి, పాడినందుకు బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకు చెరొకటి. 1981లో ఫ్రాన్సు దేశంలో బెసాన్సాన్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి కూడా వచ్చింది. 1985లో విశ్వనాథే దాన్ని హిందీలో ‘సుర్ సంగం’ అని తీశాడు. ఇంటిల్లిపాదీ చూడదగ్గ చిత్రమని, మన సంస్కృతిని బతికించిన చిత్రమని పేరు స్థిరపడిపోయింది.

ఇంటిల్లిపాది అంటే ఎవరిల్లు? మన సంస్కృతి అంటే ఎవరు మనం?

మాయయ్య ఆ సినిమాను టూరింగు టాకీసులో చూశాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళోడు. పొద్దుగూకి పని దిగి, కాళ్ళు కడుక్కొని, గూడెం కుర్రోళ్ళతో రెండు మైళ్ళు నడిచి పోయాడంట. టాకీసులో నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. మాదిగోళ్ళు నేల మీదే కూచోవాలని బోర్డేమీ పెట్టలేదు. మా చేతిలో డబ్బులు నేలకే సరిపోయేవి. ఒకవేళ కుర్చీకి సరిపోయినా, పగలు ఎవరి పొలంలో వంగి పనిజేశామో ఆ కామందు పక్కన రాత్రి కుర్చీలో కూచుంటే తెల్లారి పని ఉంటుందా? బోర్డు పెట్టాల్సిన అవసరమేముంది! ఇసుక కుప్ప చేసుకొని దాని మీద కూచొని తెరను తలెత్తి చూసేవాళ్ళు మావాళ్ళు.

సినిమా ఎట్టా ఉందయ్యా అని నేను పెద్దయినాక అడిగాను. ఆయన కథ చెప్పలేదు. “ఆ మద్దెల పలుకుందే, అబ్బ! తోలు మూసినోడెవడో గానీ పనోడు” అన్నాడు.

శంకరాభరణం మీద నేను చదివిన వ్యాసాలు చాలానే ఉన్నాయి. ఏ పాట ఏ రాగమో రాశారు. త్యాగరాజు కీర్తనలను ఎట్టా వాడుకున్నారో రాశారు. మృదంగం తోలు గురించి రాసిన విమర్శకుడు నాకు కనపడలేదు. మాయయ్యకు రాగాలు తెలియవు. తోలు తెలుసు. ఎండకు అదెట్టా బిగుస్తుందో, ముసురు పట్టినప్పుడు ఎట్టా సాగుతుందో, గడ్డిమంట కాడ ఎంతసేపు కాస్తే కంఠం తెరుచుకుంటుందో తెలుసు. మేకతోలు నానబెట్టి, బొచ్చు తీసి, చట్రానికి మూసి, ఆరబెట్టి, సిర్రతో చిటికెన పుల్లతో పలికించే దాకా ఒక్కో డప్పుకు ఆయన ఒళ్ళు ఎంత పులిసేదో నాకు తెలుసు. అందుకే ఆయన చెవి శాస్త్రిగారి గొంతు మీద నిలవలేదు, పక్కన కూచున్న వాయిద్యం మీద నిలిచింది.

ఇది మాయయ్య అమాయకత్వమని నవ్వుకునేవాళ్ళకు ఒక మాట. మృదంగం ఆవు, గేదె, మేక తోళ్ళతో తయారవుతుంది. తమిళనాట తరతరాలుగా ఆ పని చేస్తున్నవాళ్ళు ఎక్కువమంది దళిత క్రైస్తవులు. వాళ్ళ చరిత్రను టి.ఎం.కృష్ణ అనే కర్ణాటక సంగీత విద్వాంసుడే ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అని 2020లో పుస్తకంగా రాశాడు. ఆ పుస్తకావిష్కరణకు మద్రాసు కళాక్షేత్ర ముందు హాలు ఇస్తామని, తర్వాత అనుమతి వెనక్కి తీసుకుంది. సభ వేరేచోట జరిగింది. తోలు మీద పుట్టిన నాదం కచేరీ లోపల కూచోవచ్చు, ఆ తోలు ఎవరు తీశారనే మాట మాత్రం గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఆ ప్రశ్నను మాయయ్య 1980లోనే ఇసుక కుప్ప మీద కూచొని వేశాడు. దాన్ని రాసుకోవడానికి ఆయనకు అక్షరం లేదు.

నేను ఆ సినిమా మొదటిసారి చూసింది 2001లో, ఎనిమిదో తరగతిలో, సాంఘిక సంక్షేమ హాస్టల్లో. అరవైమంది ఆడపిల్లలకు ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ. దూరదర్శన్‌లో వచ్చింది. తులసి వేశ్య కడుపున పుట్టింది. ఆట, పాట తప్ప వేరే లోకం ఎరగదు. తల్లే ఆమెను ఒక జమీందారుకు అప్పజెప్పుతుంది. చెరచబడి, వాణ్ణి చంపి, కేసు నుంచి బయటపడిన తులసిని శాస్త్రి తన ఇంటికి తెచ్చుకుంటాడు. అంతే, పక్కవాయిద్యాలోళ్ళు లేచిపోతారు, ఊరు ఆయన్నుంచి మొఖం తిప్పుకుంటుంది. హాల్లో జనం గుండెలు బాదుకున్న ఘట్టమది. మా హాస్టల్లో నా పక్కన కూచున్న పిల్ల పెద్దగా అంది: “ఏందే, ఈయనొక్కడికే ఇంత మ్యూజిక్కా! మనల్ని బావికాడ పక్కకు జరగమన్నప్పుడు వయొలిన్ ఎవుడు వాయించాడు?”

అరవైమందీ పగలబడి నవ్వాం. అదే ఘట్టం, అవే సంభాషణలు. అక్కడ కన్నీళ్ళు, ఇక్కడ నవ్వు. వెలి అనేది శాస్త్రిగారి జీవితంలో ఒక విషాదం, ఒక మలుపు. మాకది పుట్టుకతో వచ్చిన చిరునామా. ఎవరికైనా తమకు అలవాటు లేని బాధను చూస్తేనే ఏడుపొస్తుంది. రోజూ ఉండే బాధను తెర మీద అంత పెద్దది చేసి చూపిస్తే నవ్వొస్తుంది. రససిద్ధాంతం రాసిన పండితులు ఈ సంగతి మా హాస్టల్ పిల్లల్ని అడగాల్సింది.

ఇక మాయమ్మ విమర్శ. ఆమెది తులసి పక్షం. సినిమా ఆఖర్లో తులసి తన సొమ్ముతో శాస్త్రిగారికి కచేరీ ఏర్పాటు చేస్తుంది. తన కొడుకును అంతకుముందే తల్లీతండ్రీ లేనివాడని చెప్పించి ఆయన ఇంట్లో సేవకు పెట్టి, సంగీతం నేర్పిస్తుంది. శాస్త్రి పాడుతూ పాడుతూ కూలిపోతే ఆ పిల్లోడు పాట అందుకుంటాడు. ఆయన పోతాడు. తులసి ఆయన పాదాల మీద వాలి ప్రాణం వదులుతుంది. తెలుగునేల మీద ఎన్ని కొంగులు తడిశాయో! మాయమ్మ కొంగు మాత్రం నోట్లో కుక్కుకొని కోపంగా కూచుంది.

“ఆ పిల్ల ఎందుకు సచ్చింది?” అంది.

“గురుభక్తి అమ్మా” అన్నాను.

“ఏం భక్తే! చెరిచినోణ్ణి పొడిసింది. బిడ్డను కనింది, ఒక్కతే సాకింది. సొమ్ము తనది, కచేరీ తనది. ఇన్ని చేసిన మనిషి ఆ కొడుకుని పట్టుకొని నా కొడుకురా అని పదిమందిలో చెప్పే రోజొస్తే, ఆ రోజే సంపేశారు. బతికుంటే ఎవరికి బరువయ్యా? ఆయన పోయాడు, ఆయన పేరుంది, ఆయన పాటుంది. ఈమెకేం మిగిలింది? కాళ్ళు మిగిలినయ్.”

నేను బి.ఇడి. చదివాను, ఎం.ఏ. తెలుగు ప్రైవేటుగా కట్టాను. స్త్రీవాద విమర్శ మీద పుస్తకాలు చదివాను. మాయమ్మ ఆ నాలుగు మాటల్లో చెప్పినంత సూటిగా తులసి చావు గురించి చెప్పిన పేజీ నాకు ఇంకా తగల్లేదు. దేవుడి పేరు మీద ఆడపిల్లల్ని ఊరికి అప్పజెప్పిన చోట ఆ పిల్లలు ఎవరు? తెలంగాణలో జోగినులు, రాయలసీమలో బసివిలు, చిత్తూరు వైపు మాతమ్మలు. ఎక్కువమంది మాలమాదిగల ఇళ్ళ పిల్లలే. వాళ్ళకు ఏ శాస్త్రీ పాఠం చెప్పలేదు. 1988లో దేవదాసీ నిషేధ చట్టం తెచ్చారు. నిజామాబాదు జిల్లాలో జోగినుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసింది హేమలతా లవణం. ఆమె గుర్రం జాషువా కూతురు. కాళ్ళ మీద పడి చావడం కాకుండా కాళ్ళ మీద నిలబడి బతకడం గురించి ఎవరన్నా సినిమా తీస్తే మాయమ్మ అప్పుడు ఏడుస్తుందేమో, సంతోషంతో.

విశ్వనాథ్ మమ్మల్ని తెర మీదికి తేలేదా అంటారు. తెచ్చాడు. 1981లో ‘సప్తపది’ తీశాడు. అదీ పాటల, నృత్యాల సినిమాయే. బ్రాహ్మణ పిల్ల, వేణువూదే హరిజన యువకుడు. సనాతనుడైన యాజులు చివరికి తన మనవడి పెళ్ళామైన ఆ పిల్లను ప్రేమించినవాడి వెంట పంపిస్తాడు. జాతీయ సమైక్యతకు ఇచ్చే నర్గీస్ దత్ అవార్డు వచ్చింది. 1938లో చలం కథతో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’ తర్వాత ఇంత గట్టిగా కులాంతర ప్రేమను చూపిన తెలుగు సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ ధైర్యాన్ని నేను కాదనను. శంకరాభరణంలో కూడా ఆచారాలు మనుషుల్ని విడదీయడానికి కాదని శాస్త్రి చేత చెప్పించాడు. కానీ సప్తపదిలో తీర్పు ఎవరిది? అగ్రహారం పెద్దాయనది. ఆయన మనసు కరగాలి, ఆయన అనుమతించాలి, ఆయన గొప్పవాడు కావాలి. మావాడు వేణువు పట్టుకొని ఎదురుచూడాలి. ప్రేక్షకులు చప్పట్లు కొట్టింది మావాడి ప్రేమకు కాదు, పెద్దాయన త్యాగానికి.

ఆ సినిమాకు చప్పట్లు కొట్టిన నేల మీదే నాలుగేళ్ళకు, 1985 జూలై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991లో చుండూరు. అక్కడ గొడవ సినిమా హాల్లోనే మొదలయింది. దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూచున్న అగ్రకులం కుర్రాడికి తగిలింది. ఆ కాలుకు బదులుగా సాంఘిక బహిష్కారం పెట్టారు. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. సినిమాను చూసిన ప్రేక్షకులు అని మీరు ఒక్క మాటలో తేల్చేస్తారే, ఆ ప్రేక్షకుల్లో ఒకడి కాలు ఇంకొకడికి తగిలితే ఏమవుతుందో చుండూరు చెప్పింది. తెర మీద ఆడపిల్లను హరిజనుడి వెంట పంపి కన్నీళ్ళు పెట్టుకోవచ్చు. హాల్లో మాత్రం కాళ్ళు దగ్గరకు ముడుచుకొని కూచోవాలి.

విశ్వనాథ్ 2023 ఫిబ్రవరి 2న చనిపోయాడు. శంకరాభరణం విడుదలయిన తేదీ అదే. సరిగ్గా నలభైమూడేళ్ళు. మరునాడు మా స్టాఫ్ రూములో అదే మాట. ఒక మాస్టారు కళ్ళొత్తుకున్నాడు. “ఆ సినిమా లేకపోతే మన సంగీతం చచ్చిపోయేది. మన సంస్కృతిని నిలబెట్టాడు మహానుభావుడు” అన్నాడు.

“మన అంటే ఎవరు మాస్టారూ?” అన్నాను.

“ఇదిగో, మీరు దేంట్లోనైనా కులం చూస్తారు మేడమ్” అన్నాడు.

నాకా పాటలు ఇష్టం. వంట చేసుకుంటూ ఇప్పటికీ వింటాను. ఆ మాటే ఆయనతో చెప్పి ఇంకొక సంగతి అడిగాను. ఆ సినిమాలో శాస్త్రి గొంతు బాలసుబ్రహ్మణ్యంది. ఆయన గురువు దగ్గర కూచొని శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవాడు కాదు. మహదేవన్ చెప్పించిన పాటను సాధన చేసి పాడాడు. దేశమంతా తలూపింది, ప్రభుత్వం అవార్డిచ్చింది. అంటే చెప్పేవాళ్ళుంటే, నేర్చుకునే వీలుంటే ఆ విద్య వస్తుందన్నమాట. మరి ఇన్ని వందల ఏళ్ళు మాకు చెప్పనిదెవరు? గూడెంలో పిల్ల గొంతెత్తితే అది జానపదం, అగ్రహారంలో ఎత్తితే శాస్త్రీయం. ఈ పేర్లు పెట్టిందెవరు? అదే 1980లో ‘మాభూమి’ కూడా హాళ్ళకొచ్చింది. గౌతం ఘోష్ తీశాడు, బి.నర్సింగరావు తీయించాడు. దాంట్లో గద్దర్ కనపడి పాడాడు. ఆ పాటను ఊరూరా మావాళ్ళు డప్పు మీద పాడుకున్నారు. అది మన సంగీతం కాదా మాస్టారూ?

బెల్లు కొట్టారు. ఆయన హాజరుపట్టీ తీసుకొని క్లాసుకు పోయాడు.

ఈ వాదం స్టాఫ్ రూముతో ఆగిపోతే నేనిది రాసేదాన్ని కాదు. మరుసటేడు బడి వార్షికోత్సవం వచ్చింది. శంకరాభరణం పాటకు ఒక పిల్ల చేత శాస్త్రీయ నృత్యం పెట్టారు. బాగా చేసింది ఆ పిల్ల, మెచ్చుకున్నాను. మా గూడెంలాంటి గూడెం నుంచే వచ్చే ఎనిమిదిమంది పిల్లలు డప్పు ఆట వేస్తామన్నారు. ఆరుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. ఒక పిల్ల తాత రోజూ సాయంత్రం వచ్చి దరువులు నేర్పాడు. జీతం లేదు, టీ కూడా బయటే తాగొచ్చేవాడు. కార్యక్రమాల జాబితా చదివేటప్పుడు ఊరి పెద్ద ఒకాయన “ముఖ్య అతిథి వస్తుంటే చావు డప్పేంది?” అన్నాడు. హెడ్మాస్టారు నా వైపు చూశాడు.

“మీ ఇంట్లో పెళ్ళికి ముందు నడిచింది డప్పు. అమ్మవారి జాతరకి నడిచింది డప్పు. మీ దండోరా ఊరంతా చెప్పింది డప్పు. అప్పుడు శుభం. పిల్లలు బళ్ళో స్టేజీ మీద కొడితే చావా?” అన్నాను. చాలాసేపు నడిచింది. తీసేస్తే నా పేరు కూడా తీసేయండి, నేను నిర్వహణలో ఉండనని చెప్పాను. చివరికి ఉంచారు, కానీ అన్నిటికంటే ఆఖర్న.

రాత్రి తొమ్మిదయింది. ముఖ్య అతిథి వెళ్ళిపోయాడు, ఆయన వెంట ముందు వరసంతా వెళ్ళిపోయింది. తాత ప్రహరీ పక్కన వరిగడ్డి మంటేసి డప్పులు కాచాడు. మొదటి దరువు పడగానే అప్పటిదాకా గోడవారన నిలబడి చూస్తున్న మా తల్లులు, నాయనలు ముందుకొచ్చారు. ఖాళీ అయిన కుర్చీల్లో కూచున్నారు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ లేవమనలేదు. నృత్యం చేసిన పిల్ల కూడా గజ్జెలతోనే వచ్చి వాళ్ళ మధ్య కూచుంది.

తెల్లారి పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త వేశారు. శాస్త్రీయ నృత్యం ఆహూతులను అలరించిందన్నారు. డప్పు ఊసు లేదు. ఆ కాగితం పట్టుకొని ఎనిమిదో తరగతి పిల్ల, ఆ తాత మనవరాలు, నా దగ్గరకొచ్చింది. “మాది ఎందుకు రాయలేదు టీచర్?” అని అడిగింది.

ఎందుకో చెప్పాలంటే నేను పైన రాసిందంతా ఆ పిల్లకు చెప్పాలి. కొంత చెప్పాను. తర్వాత ఒక నోటుబుక్కు ఇచ్చి “నువ్వు రాయి” అన్నాను. ఆ పిల్ల రెండు పేజీలు రాసుకొచ్చింది. ఏ దరువు తర్వాత ఏ దరువు వేశారో వరసగా రాసింది. మంచు పడి తోలు సాగితే తాత మధ్యలో రెండు డప్పులు మార్చిన సంగతి రాసింది. ఎనిమిదిమంది పేర్లు ఇంటిపేర్లతో సహా రాసింది. తాత పేరు అందరికంటే ముందు రాసి పక్కన ‘గురువు’ అని పెట్టింది. ఆ మాట రాయమని నేను చెప్పలేదు.

వాటిని బడి గోడపత్రికలో అతికించాం. హెడ్మాస్టారు చదివి అట్లాగే ఉంచమన్నాడు. డప్పులు రెండు ఇప్పుడు బడి బీరువాలో హార్మోనియం పక్కన ఉన్నాయి. బీరువా తాళం నా దగ్గర ఉంటుంది.

శంకరాభరణాన్ని తగలబెట్టమని మేం అడగటం లేదు. పాడుకోండి, మేమూ పాడుకుంటాం. కానీ ఒక సినిమా గొప్పదని తేల్చే సభలో ఇకమీదట మేమూ కూచుంటాం. మాయయ్య విన్న తోలు గురించి రాస్తాం, మాయమ్మ అడిగిన తులసి చావు గురించి రాస్తాం. మా ఏడుపు మేం ఎక్కడ ఏడవాలో, మా నవ్వు ఎక్కడ నవ్వాలో మేమే తేల్చుకుంటాం. చదువుకుంటున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీ ఇళ్ళల్లో అక్షరం రాని విమర్శకులున్నారు. వాళ్ళు ముసలివాళ్ళయిపోతున్నారు. పోయి పక్కన కూచొని, వాళ్ళు చూసిన సినిమాల గురించి అడిగి రాసుకోండి.